గృహారోగ్యము: వ్యాధికి తోడు



పురుషులకు వచ్చు వ్యాధిని గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేల యని కొంద ఱనవచ్చును. రోగికి మందిచ్చునదియు, రాత్రులు మేల్కొనునదియు మనమే గదా!

నెల్లూరు మండలమందలి మనుబోలులో మాకు బంధువులైన యొక కుటుంబము కలదు. ఆ యింటి యజమానునకు నడుమునొప్పి వచ్చినది. పొలముపనివలన గలిగిన దనుకొని కొన్ని నెలలు తైలములతో గడపిరి. తుదకు పరీక్షింపగా, అది మూత్రాశయము క్రిందనుండు ప్రోస్టేటు గ్రంథియందు పుట్టి యెముకలకు ప్రాకిన క్యాన్సరని తేలినది. ఆ పేరెవ్వరికిని చెప్పవలదని యాయన శాసించెను. ఆమె పుట్టినింటికి సైతము తెలుపలేదు. ఇంటిలో నున్న యిద్దఱును ఒకరి నొకరు తప్పించుకొని తిరుగజొచ్చిరి.

ఈ వ్యాధిని పురుషహార్మోను పోషించును. దాని నణచినచో వ్యాధియు నణగునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుడు చూపెను. 1966లో నోబెల్ బహుమానము నందెను. నేటి సూదిమందులలో ముఖ్యమైనవి యా మార్గముననే పనిచేయును. ముదిరినపుడు వ్యాధి సమూలముగ పోదు గాని, పలువురియం దేండ్ల తరబడి యణగియుండును. అయితే ఆ మందువలన ఒడలు హఠాత్తుగా వేడెక్కి చెమటపట్టుట, నీరసము, విసుగు, ఎముకల బలహీనత, దాంపత్యేచ్ఛ సన్నగిల్లుట కలుగును. అది మందు గుణమని యెవరును విడమరచి చెప్పకపోవుటచే, భర్త మనసు తనపై విరిగినదని మా బంధువురాలు లోలోన కుమిలినది.

సూదిమందుకై వారు మూడు నెలల కొకసారి చెన్నపట్టణము పోవుచుండిరి. ఒకనాడు వైద్యశాల బల్లపై ప్రక్కన గూర్చున్న నాయుడుపేట యామె, “అక్కా, మీవారును రాత్రులు దుప్పటి తీసి పారవేయుదురా?” అని యడిగినది. ఆ మాటకు ఈమె దుఃఖ మాగలేదు. వారికది నాలుగవ యేడట. అతడిప్పటికిని పొలము పోవుచున్నాడట. తిరుగుబండిలో పురుషులిద్దఱును వడ్లధర మాటలాడి, సూళ్లూరుపేట దాటునప్పటికి తమ వ్యాధిమాట యెత్తిరి. నాటినుండి రెండు కుటుంబములును ఒకేదినమున వైద్యునికడకు పోవుచున్నవి.

ఇట్టి తోడు చిన్నది కాదు. 1990లో షికాగో నగరమున ప్రోస్టేటు రోగులు కొందఱు చేరి ‘అస్ టూ’ అను సంఘమును స్థాపించిరి. మనకు సమీపమున, అడయారు క్యాన్సర్ ఇన్స్టిట్యూట్ 1954లో 12 పడకలతో ప్రారంభమగుటకు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదలయే మూలము. తమ సోదరి క్యాన్సరుచే మరణించుట చూచిన దుఃఖమే ఆమెకు ప్రేరణము.

తోడివారి యనుభవము ధైర్యమునకే గాని వైద్యమునకు గాదు. ఒకరి మందు మఱొకరు వాడరాదు. భస్మములు వాడుచున్నచో వైద్యునికి దాచరాదు. నడుమునొప్పితో కాళ్లు పట్టుదప్పినను, తిమ్మిరెక్కినను, మూత్రము నిలిచిపోయినను మరునాటివఱ కాగక ఆదినముననే వైద్యశాలకు చేర్పవలెను. ఆలసించిన కాళ్లు శాశ్వతముగ పడిపోవచ్చును.

మొన్న సంక్రాంతికి మేము పోయినపుడు ఆయన యరుగుపై గూర్చుండి, మూత్రబాధను దాచుచున్న పొరుగువాని నొకనిని, “నావలె ఆలసింపకుము, పరీక్షకు పొమ్ము” అని మందలించుచుండిరి. లోపలినుండి ఆమె రెండు గ్లాసుల మజ్జిగ పంపినది.