నచ్చితే కొంటామనే వారికి

"ముందు దొంగ ప్రతి దించుకొని వింటాం, నచ్చితే కొంటాం. యిందులో తప్పేమున్నది?" అని మన విద్యార్థి మిత్రులు అడుగుతున్నారు. అంతటితో ఆగక, యిది గుత్త కంపెనీల మీద తిరుగుబాటు అని కూడా అంటున్నారు. మొదటి మాటలో కొంత న్యాయం వున్నది. రెండవది ఆత్మవంచన.

న్యాయం యెంతవరకో ముందు ఒప్పుకుందాం. వినని పాటకు డబ్బు పెట్టమనడం సరుకు చూపకుండా బేరం చేయడమే. ఒక్క పాట కోసం క్యాసెట్టు మొత్తం కొనిపించిన రోజులు మనకు తెలుసు. పైగా పాట బియ్యం వంటిది కాదు. నేనొక ప్రతి తీసుకుంటే నీ ప్రతి తరిగిపోదు. కనుక దీన్ని జేబుదొంగతనంతో సమానం చేసే కంపెనీల ప్రచారాన్ని మనం నమ్మనక్కరలేదు.

కాని పాట తరగకపోయినా దాన్ని కట్టినవాడి కూలి తరుగుతుంది. మన దేశంలో ఆ కూలి చరిత్ర చూడండి. 1957 కాపీరైటు చట్టం గాయకుడిని హక్కుదారుగా గుర్తించనే లేదు. 1977లో సుప్రీంకోర్టు, వేరే ఒప్పందం లేనప్పుడు, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకు తొలి యజమాని నిర్మాతే అన్నది. గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడాన్ని ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా యెత్తిచూపారు. 1994 సవరణతో గాని ప్రదర్శకులకు హక్కు రాలేదు. సినిమా హాలు ప్రదర్శన మినహా యితర వినియోగాలలో పాటల రచయితకూ స్వరకర్తకూ సమాన రాయల్టీ, వదులుకోవడానికి వీలులేని హక్కుగా, 2012 సవరణతో గాని దక్కలేదు.

అనగా యిది కంపెనీల దయ కాదు, కళాకారులు పోరాడి సాధించుకున్న వాటా. ఆ వాటా రాబడి నుంచే రావాలి. రాబడి లేనిచోట వాటా యెక్కడిది? కంపెనీ ఒక పాట నష్టాన్ని మరొక పాటతో పూడ్చుకొంటుంది. ఆ ఒక్క పాటే రాసినవాడు దేనితో పూడ్చుకోవాలి?

యిక "నచ్చితే కొంటాం" అన్న మాట. నా సంగతే చెబుతాను. విద్యార్థిగా వందల పాటలు దించుకున్నాను. నచ్చినవి చాలా వున్నవి. కొన్నవి వేళ్లమీద లెక్కించవచ్చు. పాట చేతికి వచ్చాక కొనడం అవసరంగా కనిపించదు, దానం లాగా కనిపిస్తుంది. దానం రేపటికి వాయిదా పడుతుంది.

వినడానికి వేరే దారి లేదన్న వాదన నేడు నిలవదు. యూట్యూబులో పాట మొత్తం ఉచితంగా వినవచ్చు. 2007లో రేడియోహెడ్ అనే ఇంగ్లాండు బృందం 'ఇన్ రెయిన్బోస్' ఆల్బమును విడుదల చేసి, ధరను శ్రోతలనే నిర్ణయించుకొమ్మన్నది. అక్కడ పాడినవారి సమ్మతి వున్నది. దొంగ ప్రతిలో లేనిది అదే.

ఆ ఉచిత వేదికలలో కళాకారుడికి ముట్టేది అతి స్వల్పం అంటారా? నిజమే. అయితే ఆ స్వల్పాన్ని పెంచమని పోరాడాలి. తక్కువ కూలి యిచ్చే యజమాని మీది కోపంతో కూలీకి ఆ కూలి కూడా దక్కకుండా చేసేవాడిని శ్రామిక పక్షపాతి అనగలమా?

బజారులో యెక్కడా దొరకని పాత రికార్డుల సంగతి వేరు. వాటి ప్రతులు కాపాడినవారికి మనం ఋణపడి వున్నాం.

మిత్రులారా, వినే కొనండి. కాని మీరు దించుకున్న వాటిలో నచ్చినవి యెన్ని, వెల కట్టినవి యెన్ని? ముందు ఆ బాకీ తీర్చి, తరువాత తిరుగుబాటు సంగతి మాట్లాడుదాం.