వేగం చవకైపోయింది!

క్రొయేషియాలో ఓ కుర్రాడు. పేరు మాతె రిమాట్స్. కారు రేసులంటే పిచ్చి. 1984 నాటి పాత బీఎండబ్ల్యూ ఒకటి సంపాదించి పందేల్లోకి దిగాడు. ఓసారి రేసులోనే దాని ఇంజిన్ పోయింది. ఇంకొకరైతే మరో ఇంజిన్ కోసం వెతుక్కునేవారు. ఇతగాడు మాత్రం ఆ ఖాళీలో ఎలక్ట్రిక్ మోటారు బిగించాడు. రేసుకు వాషింగ్ మెషిన్ తెచ్చావా అన్నట్టుగా తోటివాళ్లు నవ్వారు. అతను పట్టించుకోలేదు. 2009లో సొంత కంపెనీ పెట్టాడు. 2021లో 'నెవెరా' అనే ఎలక్ట్రిక్ కారును లోకం మీదికి వదిలాడు. విశేషమేమిటంటే అదే ఏడాది, పెట్రోలు కార్లకు రారాజు లాంటి బుగాటీ పగ్గాలు కూడా అతని చేతికే వచ్చాయి!

అంటే రెండు రకాల సూపర్‌కార్లూ ఒకే ఇంట్లో చేరాయన్నమాట. ఇక పోలిక చూడ్డానికి అంతకంటే మంచి చోటేముంటుంది?

మిక్సీకీ, మనిషికీ ఉన్న తేడా

ముందు పెద్దాయన సంగతి. బుగాటీ షిరాన్ 2016లో వచ్చింది. 8 లీటర్ల ఇంజిన్, 16 సిలిండర్లు, 4 టర్బోలు, 1500 హార్స్‌పవర్. మన ఆల్టో 800 ఇంజిన్లు పది కలిపితే ఈ ఒక్క ఇంజిన్ అవుతుంది. నిలబడ్డచోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పట్టేది 2.4 సెకన్లు.

నెవెరాకు ఇంజినే లేదు. చక్రానికొకటి చొప్పున నాలుగు మోటార్లు. అన్నీ కలిపి 1914 హార్స్‌పవర్. 100 కిలోమీటర్ల వేగానికి 1.81 సెకన్లు చాలు. 'ఒకటి... రెండు' అని లెక్కపెట్టేలోపే పనైపోతుంది.

ఎందుకీ తేడా? పెట్రోలు ఇంజిన్ నిద్రలేచి, కాఫీ తాగి, పేపరు తిరగేస్తేగానీ పనిలోకి దిగని పెద్దమనిషి. గాలి పీల్చాలి, పెట్రోలు మండాలి, చక్రభ్రమణాలు పెరగాలి, గేర్లు మారాలి. అప్పుడుగానీ పూర్తి బలం బయటికి రాదు. మోటారు అలా కాదు. స్విచ్ వేయగానే తిరిగే మిక్సీ లాంటిది. మొదటి క్షణంలోనే మొత్తం బలం చక్రానికి చేరుతుంది. పైగా ఏ చక్రానికి ఎంత బలం పంపాలో నెవెరాలోని కంప్యూటరు సెకనుకు వందసార్లు లెక్కలు కడుతుంది.

మరి పెట్రోలు గొప్పేమిటి?

ఉంది. వంద లీటర్ల పెట్రోలు బరువు దాదాపు 75 కిలోలు. అందులో దాగిన శక్తి నెవెరా బ్యాటరీలో పట్టే 120 యూనిట్ల కరెంటుకు ఏడు రెట్లు. అయితే ఆ శక్తిలో మూడో వంతు చక్రాలకు చేరితే గొప్ప. మిగిలింది వేడిగా పోతుంది. షిరాన్‌కు అన్నలాంటి వేరాన్‌కు పది రేడియేటర్లు పెట్టింది అందుకే. మోటారు తనకు అందిన కరెంటులో నూటికి తొంభై వంతుల దాకా పనిగా మార్చేస్తుంది. కానీ బ్యాటరీ బరువు మోయక తప్పదు. నెవెరా దాదాపు 2.3 టన్నులు తూగుతుంది. మలుపుల్లో ఆ బరువు తెలుస్తుంది. ట్యాంకు నింపుకొన్నంత తొందరగా బ్యాటరీ నింపుకోవడమూ కుదరదు.

రికార్డుల మాటకొస్తే... సున్నా నుంచి 400 కిలోమీటర్ల వేగం అందుకుని మళ్లీ సున్నాకు రావడానికి 2017లో షిరాన్‌కు 42 సెకన్లు పట్టింది. 2023లో నెవెరా ఆ పనిని 30 సెకన్లలోపే ముగించింది. పెట్రోలుకు మిగిలిన కోట గరిష్ఠ వేగం. 2019లో షిరాన్ నమూనా కారు గంటకు 490 కిలోమీటర్లు దాటింది. 2025లో చైనా కంపెనీ బీవైడీ తయారుచేసిన ఎలక్ట్రిక్ కారు 496 దాటి ఆ అంకెనూ వెనక్కి నెట్టింది.

గెలిచినవాడి మనసు మారింది

ఇంతవరకూ చదివితే పెట్రోలు కథ ముగిసినట్టే అనిపిస్తుంది. అసలు మలుపు ఇక్కడే ఉంది. బుగాటీ కొత్త కారు ఎలా ఉండాలో తేల్చే అధికారం రిమాట్స్‌కు వచ్చింది. నెవెరాకే బుగాటీ బొమ్మ అతికించి అమ్మొచ్చు. అతనలా చేయలేదు. 2024లో చూపించిన 'టూర్బియాన్'లో టర్బోలు కూడా లేని సరికొత్త 16 సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టించాడు. సాయానికి మూడు మోటార్లు చేర్చాడంతే. ధర నెవెరాకు దాదాపు రెట్టింపు. అతి సంపన్నులు ఎలక్ట్రిక్ సూపర్‌కార్ల మీద మోజు చూపడం లేదనీ, నెవెరాలు 150 కూడా ఇంకా పూర్తిగా అమ్ముడుపోలేదనీ అదే ఏడాది ఆయనే చెప్పాడు.

కారు పేరులోనే జవాబుంది. టూర్బియాన్ అనేది గడియారంలోని ఓ సున్నితమైన యంత్రభాగం పేరు. 1969లో క్వార్ట్జ్ చేతి గడియారం వచ్చాక టైము చెప్పడంలో కీ ఇచ్చే వాచీ ఓడిపోయింది. మన నాన్నల చేతికుండే హెచ్ఎంటీ వాచీలు సొరుగుల్లోకి చేరాయి. అయినా స్విట్జర్లాండ్‌లో చేత్తో తయారుచేసే వాచీల ధర లక్షల్లోనే ఉంది. కొనేవాళ్లు టైము కోసం కొనడం లేదు కదా! చిన్న చక్రాలు చేసే టిక్‌టిక్ కోసం కొంటున్నారు. పెట్రోలు సూపర్‌కారు కూడా ఇప్పుడు అదే దారి పట్టింది. వేగం కోసం కాదు, చప్పుడు కోసం, వణుకు కోసం, అందులోని పనితనం కోసం.

మన వీధిలోకొచ్చిన వేగం

కోటీశ్వరుల గొడవ మనకెందుకంటారా? ఇక్కడే మనకూ ఓ పేచీ ఉంది. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 అంటే కుర్రాళ్ల గదుల్లో పోస్టరు. 100 కిలోమీటర్ల వేగానికి దానికి నాలుగు సెకన్ల పైనే పట్టేది. 2024లో మన దేశంలోకి వచ్చిన బీవైడీ సీల్ అనే నాలుగు తలుపుల కారులో ఖరీదైన రకానికి 3.8 సెకన్లు చాలు. అప్పటి ధర 53 లక్షలు. తక్కువేం కాదు, కానీ ఫెరారీ ధర కాదు. పోస్టరులోని వేగం స్కూలు నుంచి పిల్లల్ని తెచ్చుకునే కారులోకి దిగొచ్చింది.

వచ్చినది చప్పుడు లేకుండా వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు చాలామందికి వింతగా తోచింది అదే. రేసు కార్లు చెవులు చిల్లులు పడేలా అరవలేదు, ఈల వేసినట్టు వెళ్లిపోయాయి. ఊపిరి పీల్చుకున్నాం, మంచిదే. కానీ అరుపు ఓ హెచ్చరిక కూడా. ఇంజిన్ గోల పెడితే 'తగ్గించు' అని లోపలున్నవాళ్లకూ, 'తప్పుకో' అని బయటున్నవాళ్లకూ తెలుస్తుంది. నిశ్శబ్దంగా పెరిగే వేగం కుర్చీలో కూర్చున్నవాడికే తెలియదు. రోడ్డు దాటే ముసలమ్మకు అసలు తెలియదు. యూరప్‌లో ఎలక్ట్రిక్ కార్లు నెమ్మదిగా వెళ్లేటప్పుడు కృత్రిమంగానైనా చప్పుడు చేయాలని నిబంధన పెట్టింది అందుకే.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో వేగ పరిమితిని 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ అంకె చేరడానికి ఒకప్పుడు ఇంజిన్‌ను బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆ బతిమాలుకునే కాసేపట్లో ఆలోచించుకోవడానికి వీలుండేది. ఇప్పుడు మోటారు మనల్ని ఆలోచించనివ్వదు. కాలు ఆనిస్తే చాలు.

పందెంలో ఎలక్ట్రిక్ కారే గెలిచింది, సందేహం లేదు. అయితే చవకగా దొరికిన దేన్నైనా మనం చులకనగానే చూస్తాం. వేగం విషయంలో మాత్రం ఆ అలవాటు పనికిరాదు. దాని ధర తగ్గింది గానీ, తప్పు చేస్తే కట్టాల్సిన మూల్యం పైసా కూడా తగ్గలేదు.