యంత్రము మారిన పరీక్షయు మారవలదా?

2020 జూన్ నెలలో జపానుదేశపు కోబే నగరమందలి ఫుగాకు సూపర్‌కంప్యూటరు లోకమున ప్రథమస్థానము నందెను. అందు గూర్చిన ప్రాసెసర్లు 1,58,976. అన్నియు ఆర్మ్ పద్ధతివే. చేతి ఫోనులకు ప్రసిద్ధమైన ఆ పద్ధతి మహాగణనమునకును తగునని అట్లు రుజువయ్యెను. మన దేశమున సీడాక్ సంస్థయు ఔమ్ అను 96 కోర్ల ఆర్మ్ ప్రాసెసరు రూపకల్పనకు బూనినది. ఇది ముదావహమే. కాని యంత్రము స్వదేశీయమైనంత మాత్రమున దానిపై వచ్చు లెక్క సత్యము కాజాలదు.

2015లో మంజూరైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ యోజన క్రింద నెలకొన్న యంత్రములలో పెక్కు ఎక్స్86 జాతివి. వాతావరణమును, అణువుల నడకను గణించు ప్రోగ్రాములు వానిపై నలిగి వచ్చినవి. "కంపైలైనది, నడచినది, ఇంకేమి కావలెను?" అనువారితో మేము ఏకీభవింపజాలము. ఎక్స్86 లైనక్సున సీ భాషలోని చార్ ఋణసంఖ్యలను ధరించును. ఆర్మ్ లైనక్సున సాధారణముగా ధరింపదు. మెమరీలో ఒక త్రెడ్డు వ్రాసిన వ్రాతలు తక్కిన త్రెడ్లకు ఎక్స్86 యందు వ్రాసిన వరుసనే కానవచ్చును; ఆర్మ్ అంతటి హామీ నీయదు. కావున ఏండ్ల తరబడి దాగియున్న దోషము ఒకనాడు బయటపడి, మరునాడు మాయమగును. ఒక్కమారుగా లెక్కింపగల వెక్టరు వెడల్పు ఫుగాకునందు 512 బిట్లు, ఔమ్‌నకు ఆధారమైన నియోవర్స్ వీ1 నందు 256, ఎన్విడియా గ్రేస్‌నందు 128. వెడల్పు మారిన కూడిక వరుస మారును. వరుస మారిన తుది అంకెలు మారును.

కావున పరీక్ష మనుష్యుని తీరికపై ఆధారపడరాదు; తనంత తానే నడువవలెను. ప్రోగ్రామునందు మార్పు జరిగినప్పుడెల్ల చిన్న పరీక్షలును, ప్రతి రాత్రియు జీసీసీ, ఎల్ఎల్‌వీఎం కంపైలర్లు రెంటితో పలు నోడ్లపై పరీక్షలును, వారమున కొకమారు పెద్ద గణనమును, దాని వేగమును పరీక్షింపవలెను. క్యూఈఎంయూ వంటి అనుకరణ సాధనముతో వెక్టరు వెడల్పులు మార్చి చూడవచ్చును. వేగమును తేల్చుటకు మాత్రము నిజమైన ఆర్మ్ యంత్రమే శరణ్యము. స్విట్జర్లాండు జాతీయ గణనకేంద్రమువారి రీఫ్రేమ్ అందరకును ఉచితముగా లభించుచున్నది. దానిని గ్రహించుట చిన్నతనము గాదు.

ఫలితమున ఎంత భేదము సహింపదగునో శాస్త్రజ్ఞులు ముందే నిర్ణయింపవలెను. తీర్పు చెప్పిన పిదప శాసనము వ్రాయుట న్యాయము గాదు. అడ్డుప్రశ్నలకు నిలువని సాక్ష్యమును ఏ న్యాయస్థానమును నమ్మదు. పరీక్షకు నిలువని లెక్కను తీరమందలి జాలరి యేల నమ్మవలెను? తుపాను త్రోవ తప్పుగా చెప్పినచో నష్టపడునది అతడే గదా!

యంత్రము కొను నాడే కొన్ని నోడ్లను పరీక్షలకు ప్రత్యేకింపవలెననియు, పరీక్షకులకు స్థిరమైన ఉద్యోగములు కల్పింపవలెననియు మేము కోరుచున్నాము. చిప్పునకు కోట్లు వెచ్చించి పరీక్షకు పైసలు లెక్కించుట పొదుపు గాదు.