నలభైరెండు రోజుల కూలి

పురుడు ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దలు. మాట బాగానే వున్నది. ఆ పునర్జన్మ ఎత్తిన మనిషి మరునాటినుంచి ఏం తిని బతకాలో మాత్రం ఎవరూ చెప్పరు.

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పొలాల బాలింతలు కాన్పయ్యాక వైద్యానికి రారనీ, వారి అజ్ఞానమే ఇందుకు కారణమనీ ఒక వాదన వున్నది. మైల, పథ్యం, కాయం అని జాబితా చదివి విద్యావంతులు తల పంకిస్తారు. మూఢాచారం లేదని మేము అనం. బాలింతను మూలన కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా కొలిచి పోసే ఇళ్లున్నాయి. ఆ ఆచారం నశించవలసిందే. కాని ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లిన తల్లికి వారం తిరిగేసరికి అజ్ఞానం ఎక్కడినుంచి ఊడిపడింది?

కాన్పుకు 108 బండి వస్తుంది. తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ ఇంటిదగ్గర దింపిపోతుంది. అక్కడితో కథ కంచికి! జ్వరం, రక్తస్రావం, కుట్లకు చీము, గుర్రపువాతం బండి వెళ్లిపోయాక కూడా వస్తాయి. అప్పుడు ఆసుపత్రికి పోవాలంటే ఛార్జీలు కావాలి, తోడు కావాలి. తోడు వచ్చే అత్తకో అమ్మకో ఆ పూట కూలి పోతుంది. ఆరోగ్యకేంద్రం తెరిచివుండే వేళా, మిరపకోతల వేళా ఒక్కటే.

కర్నూలు వైపునుంచి కోతలకు వలసవచ్చి చేలగట్ల మీద గుడిసె వేసుకున్న తల్లి సంగతి మరీ అన్యాయం. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. ఏ ఇంటికి? ఈమె పేరు సొంతవూరి పుస్తకంలో వున్నది, మనిషి మిరపచేలో వున్నది. ఇందుకు ఆశాను నిందించి ప్రయోజనం లేదు. ఆమెకు ఇచ్చేదీ జీతం కాదు, ‘గౌరవ వేతనం’.

ఆ 42 రోజులంటే ఆరు వారాలు. కాన్పయిన ఆరు వారాలదాకా స్త్రీచేత పని చేయించరాదని 1961 ప్రసూతి సదుపాయాల చట్టమే అన్నది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. ఫ్యాక్టరీలకు, గనులకు, పదిమంది పనిచేసే దుకాణాలకు అది వర్తించింది. పత్తిచేను గట్టు మాత్రం దాటలేదు. ఒక మేస్త్రీ కింద ఇరవైమంది ఆడకూలీలున్నా చేను సంస్థ కాదట!

మరి పథకాలో? 2013 ఆహారభద్రతా చట్టం 6,000 రూపాయలకు తగ్గరాదన్నది. 2017 మాతృవందన పథకం తొలిచూలుకు 5,000తో సరిపెట్టింది. అందులోనూ చివరి విడతకు షరతు బిడ్డకు టీకాలు వేయించడం. టీకాలు అవసరమే. కాని తల్లిని ఎవరైనా పరీక్షించారా అన్న ప్రశ్న ఆ షరతులో లేదు. పేరు మాత్రం మాతృవందనం!

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. కూలివాడి గుడిసె సాహిత్యానికి వస్తువని గుంటూరు సీమ అప్పుడే చాటింది. ఆ వారసులమని చెప్పుకునే మనం ఇవాళ మూడు కోరికలు ఎలుగెత్తి చెప్పాలి. వ్యవసాయ కూలి బాలింతకు ఆరు వారాల కనీస వేతనం ఇవ్వాలి. కోతల కాలంలో ఆరోగ్యకేంద్రం సాయంత్రం కూడా తెరవాలి. పుస్తకంలో పేరు వున్నా లేకున్నా నర్సు గుడిసెకు వెళ్లాలి.

మాతృమూర్తి మీద పద్యాలు చాలు. బాలింతకు కూలి ఇప్పించండి.