పిల్లల లెక్క సరే, తల్లుల లెక్క ఏది?

సర్టిఫైడ్ వరి విత్తనం కొనే రైతు సంచికి నీలం చీటీ ఉందో లేదో చూస్తాడు. రకం పేరు, లాటు నంబరు చదువుకున్నాకే డబ్బు తీస్తాడు. అదే రైతు చెరువు పాట పాడుకుని చేపపిల్లలు కొనేటప్పుడు అడిగేవి రెండే: సైజు ఎంత, వెయ్యి ఎంత. రాజాం దగ్గర మా మత్స్యకార సంఘం పద్దులు రాసేది నేనే. మా పుస్తకంలోనూ ఆ రెండు గడులే ఉన్నాయి.

మాకు సీడు ఎక్కువగా కైకలూరు వైపు నుంచి వస్తుంది. రాత్రంతా నడిచిన బండి తెల్లారేసరికి గట్టు మీద ఆగుతుంది. ఒక చిప్పెడు ముంచి, అందులో పిల్లల్ని లెక్కబెట్టి, మిగతాదంతా చిప్పల లెక్కన చెరువులోకి వదిలేస్తారు. పోయినేడు లెక్కబెట్టిన చిప్పలో కొన్ని పిల్లలకి మొప్ప మీది రేకు పొట్టిగా ఉండి, ఎర్రటి మొప్ప బయటికి కనిపించింది. ఒకదానికి వెన్ను వంకర. “ఇవి ఏ తల్లుల పిల్లలు బాబూ?” అన్నాను. “బండి తోలేవాణ్ణి, నాకేం తెలుస్తుందండీ,” అన్నాడు డ్రైవరు. నిజమే. ఇలాంటి అవకరాలు మేత లోపం వల్లా వస్తాయి, నీటి తేడా వల్లా వస్తాయి, దగ్గరి రక్తసంబంధం వల్లా వస్తాయి. ఏది కారణమో తేలాలంటే ఎక్కడో ఒకచోట తల్లి చేపల పద్దు ఉండాలి.

ఒకప్పుడు సీడంటే నదిలో వల పట్టి తెచ్చుకున్నదే. ఏ జంట పిల్లలో తెలియకపోయినా వేల జంటల పిల్లలు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ విత్తు నుంచి మొలిచినవే ఇవాళ్టి మన హేచరీలన్నీ. చిక్కు కూడా ఆ గుడ్ల సమృద్ధిలోనే ఉంది. శీలావతి తల్లి కిలో బరువుకి లక్షకి పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి కొద్దిపాటి చేపలతోనే సీజను ఆర్డర్లన్నీ నిండిపోతాయి. వాటి పిల్లల్నే పెంచి మళ్లీ తల్లులుగా ఉంచితే తోబుట్టువులే జంటలవుతాయి. పది ఆడ, పది మగ చేపలతో నడిపితే తరానికి రెండున్నర శాతం చొప్పున రక్తం దగ్గరవుతుంది; పాతిక జంటలుంటే ఒక శాతం. కర్ణాటక హేచరీలను పరిశీలించి ఏక్‌నాథ్, డాయిల్ 1990లో ప్రచురించిన లెక్క ఏడాదికి 2 నుంచి 17 శాతం! పైగా పెద్ద చేపలు మార్కెట్‌కి పోయి, అమ్ముడుపోని చిన్నవి తల్లులుగా మిగిలితే, ఎదగని గుణాన్నే ఏరి మరీ పెంచుకున్నట్టవుతుంది.

నీలకంఠ రొయ్య గుర్తుందా? 2005 ప్రాంతంలో కోస్తా చెరువుల్లో వెలిగిపోయి, కొన్నేళ్లకే చతికిలబడింది. తెల్లతోక తెగులు ఒక దెబ్బ, చిక్కిపోయిన తల్లుల వంశం మరో దెబ్బ. చివరికి భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా) గుజరాత్, కేరళ, ఒడిశాల నుంచి వేర్వేరు రొయ్యల్ని తెచ్చి మళ్లీ మొదటినుంచి ఎంపిక చెయ్యాల్సి వచ్చింది.

అదే సీఫా శీలావతికి ఈ పని ముందే చేసింది. సుమారు 40 నదుల సాల్మన్‌తో తమ ఎంపిక మొదలుపెట్టిన నార్వే వాళ్ల సాయంతో, 1992 నుంచి గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపల్ని కలిపింది. 1997లో బయటికొచ్చిన ఆ రకమే జయంతి. ఎదుగుదల తరానికి సగటున 17 శాతం పెరిగింది. శ్రీకాకుళానికి విజయవాడ కంటే భువనేశ్వరే దగ్గర. అయినా మా చెరువుల్లో జయంతి పేరు విన్నవాళ్లు తక్కువ.

అలాగని జయంతి పేరు చెప్పి అమ్మినంత మాత్రాన సరిపోదు. పది జయంతి చేపల్ని తెచ్చి వాటి సంతానంతోనే ఏళ్లపాటు నెట్టుకొస్తే అదీ పాత సీడే అవుతుంది. తల్లుల్ని ఎక్కడ తెచ్చారు, ఎన్ని జంటలు కట్టారు, ఎప్పుడు మార్చారు: ఈ మూడూ సీడుతోపాటు కాగితం మీద రావాలి. ఆక్వా విత్తన నాణ్యత చట్టం మన రాష్ట్రంలో 2006లోనే వచ్చింది. కొత్త చట్టం అక్కర్లేదు, ఆ చట్టం కింద ఈ పద్దు అడిగితే చాలు.

ధర పెరుగుతుందనేవాళ్లున్నారు. పెరగనివ్వండి. వానాధార చెరువులో మాకు ఏడాదికి ఒక్కటే పంట. వేసవికి నీళ్లు ఇంకేలోపు చేప ఎంత ఎదిగితే అంతే.

ఈ పద్దు అడగడం మడ్డువలస, తాటిపూడి లాంటి జలాశయాల్లో వదిలే సీడుతో మొదలుపెట్టాలి. ఒకే తొట్టెలో బొచ్చెనీ శీలావతినీ కలిపి గుడ్లు పెట్టిస్తే సంకరం పిల్లలు పుడతాయి. చెరువులో అయితే వేసవిలో వల లాగి ఖాళీ చేస్తాం. జలాశయంలోంచి నదిలోకి జారినవాటిని ఎవరూ వెనక్కి ఏరలేరు. పైగా అక్కడ సీడు కొనేది ప్రభుత్వమే. వచ్చే టెండరు కాగితంలో ధర గడి పక్కన తల్లుల గడి ఒకటి గీయడానికి అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు, మత్స్యశాఖ అధికారి సంతకం చాలు.