టిక్కెట్టు సొమ్ముతో బాకీ తీరునా?

రైలు రద్దయినపుడు టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇచ్చుటతో తన బాధ్యత తీరిపోయినదని రైల్వే శాఖ తలచుచున్నది. మన కిన్వట్ తెలుగు కుటుంబములలో పలువురు గూడ ఆ కాస్త సొమ్ము చేతికి వచ్చినదే చాలునని ఇంటికి మరలుచున్నారు. ఈ రెండు తలంపులును తప్పులే యని మేము నిర్మొహమాటముగా చెప్పుచున్నాము.

మేము వర్తకులము, వర్తకపు లెక్కలోనే చూతము. పెండ్లి సరకునకు బయానా పుచ్చుకొని, ముహూర్తమునాటి ఉదయమున "సరకు లేదు, మీ బయానా మీరు తీసికొనుడు" అన్న దుకాణదారుని బజారులో ఎవరైనను పెద్దమనిషి అందురా? వేరొకచోట హెచ్చు ధరకు కొన్న తేడాను ఎవరు భరింపవలెను? రైలు విషయమునను న్యాయ మొక్కటియే. ఆదిలాబాదు, నిజామాబాదులలో చుట్టములు, హైదరాబాదులో ఆసుపత్రి, తిరుపతిలో మ్రొక్కు: ఇన్నిటికిని మనకు ముదఖేడు-ఆదిలాబాదు మార్గమే ఆధారము. బండి రద్దయిన రాత్రి జీపు కిరాయి టిక్కెట్టు సొమ్మునకు ఎన్ని రెట్లగునో అనుభవించిన వారికి చెప్పనక్కరలేదు.

2015 నవంబరులో అమలైన నిబంధనల ప్రకారము, శాఖయే బండిని రద్దుచేసినచో చార్జీ పూర్తిగా వాపసు చేయవలెను. ఏ రుసుమును మినహాయింపరాదు. కౌంటరులో కొన్న టిక్కెట్టును మూడు దినములలోపల అప్పగింపవలెను. అవే నిబంధనలలో, బండి బయలుదేరుటకు 4 గంటలలోపల ప్రయాణము మానుకొన్నవానికి ఖాయమైన టిక్కెట్టుపై ఒక్క పైసయు రాదనిరి. మనము మానుకొన్న మనకు నష్టము; వారు మానుకొన్నను నష్టము మనకే!

అయినను దారి మూసికొనిపోలేదు. 2016లో అజ్మీరు-జమ్ము ఎక్స్‌ప్రెస్ సుమారు 4 గంటలు ఆలస్యమగుటచే ఒక ప్రయాణికుడు విమానము అందుకొనలేక, కుటుంబముతో టాక్సీలో శ్రీనగరు చేరెను. వినియోగదారుల ఫోరము టాక్సీకి 15,000, బుకింగు ఖర్చులకు 10,000, మనోవ్యథకును వ్యాజ్యపు ఖర్చునకును 5,000 రూపాయల చొప్పున ఇప్పించెను. 2021 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. కారణము తన చేతిలో లేదని రుజువు చేయవలసిన భారము రైల్వేదే యని చెప్పెను. ఆలస్యమునకే ఇట్లయినచో, అకారణమైన రద్దునకు మరింతగా వర్తింపవలెనని మా వాదము.

"వరద వచ్చిన వారేమి చేయుదురు?" అని కొందరు పెద్దలందురు. నిజమే. 2024 సెప్టెంబరులో కేసముద్రము వద్ద వరద రైలుకట్టను కోసివేసినది. కృష్ణా ఎక్స్‌ప్రెస్ పోవు దారి యదియే. అట్టి దైవికమునకు పరిహారమును మేము కోరుటలేదు. కట్టను బాగుచేసిన కార్మికులకు మా నమస్కారము. కాని ప్రతి రద్దును వరద ఖాతాలో వ్రాయరాదు. పరిహారము అసాధ్యమనుటయు చెల్లదు. 2019లో లక్నో-ఢిల్లీ తేజస్ బండిలో గంట దాటిన ఆలస్యమునకు 100, రెండు గంటలు దాటిన 250 రూపాయలు ఇయ్యసాగిరి; 2024లో మానివేసిరి. ఇయ్యలేకపోవుట వేరు, ఇయ్యనొల్లకుండుట వేరు.

సోదరులారా, టిక్కెట్టును, రద్దు సమాచారమును, జీపు రసీదును భద్రపరచుడు. 2019 వినియోగదారుల చట్టము ప్రకారము రెండేండ్లలోపల మన నాందేడు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. ఇంత చిన్న వ్యవహారమునకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రైల్వే అధికారులకు అర్జీ పెట్టుటకు భాష అడ్డమని వెనుదీయకుడు. 1956లో కిన్వట్ ఆదిలాబాదు జిల్లానుండి నాందేడులోనికి మారినది గాని, మన హక్కు ఎక్కడికిని మారలేదు. దేశమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణములో ఇచ్చినది. అందు తెలుగు గూడ చేరినదే.

రసీదులతో వచ్చినవారికి అర్జీ వ్రాసి యిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము. రసీదు లేక వచ్చి మొర పెట్టుకొన్నచో మాత్రము మేమేమియు చేయజాలము.