కత్తి విప్పితే...

భోగి తెల్లవారేసరికే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేటి లంకల దాకా తోటల్లో, కోసిన చేలల్లో బరులు సిద్ధమైపోతాయి. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు... హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి దిగిన చుట్టాలు. డేగ, కాకి, నెమలి, సేతువ, రసంగి... ఏ రోజున ఏ రంగు పుంజుకు గెలుపు ఉందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం. జీడిపప్పు, బాదం, కీమా పెట్టి, ఈత కొట్టించి, కన్నబిడ్డలా పెంచిన పుంజు కాలికి ఆఖరున ఓ కత్తి కడతారు. ఆ తర్వాత నిమిషాల్లో అంతా అయిపోతుంది.

ఒక్కోసారి ప్రాణం పోయేది పుంజుకు మాత్రమే కాదు. 2020 సంక్రాంతికి చింతలపూడి మండలం ప్రగడవరంలో కోడికత్తి తగిలి ఓ మనిషి చనిపోయాడు. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలోనూ అదే జరిగింది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పుంజు విదిలించుకోబోయి తన్నితే, కాలి కత్తి దాన్ని తెచ్చిన మనిషి గజ్జల్లోనే దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోగా నెత్తురు పోయి ప్రాణం పోయింది. ఆ పుంజును పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లి మేత పెట్టారు!

సరిగ్గా ఇలాంటి గాయంతోనే స్పెయిన్‌లో ఓ మనిషి చనిపోతే, దేశమంతా మూడు రోజులు సంతాపం పాటించింది. అతని పేరు మనొలేతే. ఎద్దుతో పోరాడి చంపే వీరుణ్ని స్పెయిన్‌లో మెటాడోర్ అంటారు. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన వ్యాను పేరు అక్కడి నుంచి వచ్చిందే. 1917లో కోర్డోబాలో పుట్టిన మనొలేతే తండ్రిదీ అదే వృత్తి. ఎద్దు మీదికొస్తుంటే అతను పక్కకు గెంతేవాడు కాదు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, రాతి స్తంభంలా నిలబడేవాడు. కొమ్ము నడుము పక్కనుంచి రాసుకుంటూ పోయేది. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు.

1947 ఆగస్టు 28న లినారెస్ అనే ఊళ్లో ఇస్లేరో అనే ఎద్దు ఎదురైంది. మనొలేతే దాని మెడలో కత్తి దించిన క్షణంలోనే, దాని కొమ్ము అతని కుడి తొడలో దిగింది. ఎద్దు చచ్చింది. మర్నాడు తెల్లవారుజామున మనొలేతే కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు ముప్ఫై.

కోర్డోబాలో మనొలేతేకి స్మారకం ఉంది. ప్రగడవరంలో, అనంతపల్లిలో పోయినవాళ్ల ఇళ్లలో మహా ఉంటే ఓ దండ వేసిన ఫొటో ఉంటుంది. తేడా ఎక్కడ? ఎద్దు పాపం ఎలాగూ కోరి రాలేదు. మెటాడోర్ మాత్రం తెలిసి తెలిసి తన ఒంటిని కొమ్ముకు ఎదురుగా పెట్టాడు. మన బరిలో ప్రాణం పెట్టేది పుంజు, డబ్బు పెట్టేది మనిషి. మధ్యలో కత్తికి మాత్రం తనవాడు, పరాయివాడు అన్న తేడా లేదు.

ఇది సంప్రదాయం అన్నప్పుడల్లా పల్నాడు గుర్తుచేస్తారు. నిజమే, బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య కోడిపోరు జరిగిందని కథ. అయితే ఆ కథలో పందెం ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోయారు. చివరికి కారెంపూడిలో నెత్తురు ఏరులై పారింది. పందెం ఎక్కడికి తీసుకుపోతుందో ఆ కథే చెబుతోంది కదా!

పల్లెల్లో డింకీ పందెం అనే మాట ఉంది. కత్తి కట్టకుండా పుంజుల్ని వదలడం అది. పుంజు సత్తా ఏమిటో, ఓపిక ఎంతో అందులోనే తెలుస్తుంది. కాకపోతే చాలాసేపు పడుతుంది. కత్తి కడితే నిమిషాల్లో తేలిపోతుంది, వెంటనే ఇంకో జత దించొచ్చు. ఎన్ని జతలు దిగితే అన్ని పందేలు! వరి సొమ్ముకు చేపల చెరువుల సొమ్ము, రొయ్యల సొమ్ము తోడైన ఈ నేల మీద పందెం ఎంతదాకా పోయిందంటే, 2025 సంక్రాంతికి తాడేపల్లిగూడెంలో ఒక్క జత మీదే 1.25 కోట్ల రూపాయలు కాశారని పత్రికలు రాశాయి. కత్తిని కోరుతున్నది సంప్రదాయమా, పందెమా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

చట్టం సంగతా? జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరం. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఏటా పండగకు ముందు పోలీసులు కత్తులు పట్టుకుంటారు. పండగ మూడు రోజులూ బరులు నడుస్తూనే ఉంటాయి.

ఎద్దుల పోరును ప్రాణంలా చూసుకున్న దేశాల్లోనూ మార్పు వస్తోంది. కాటలోనియా 2010లో దాన్ని నిషేధిస్తూ ఓటేసింది. 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2025 మార్చిలో మెక్సికో నగరం మధ్యేమార్గం పట్టింది. పోరు ఉండొచ్చు... ఈటెలు, కత్తులు ఉండకూడదు, ఎద్దును చంపకూడదు అంది.

ఆ మధ్యేమార్గానికి మన ఊళ్లలో ఎప్పటినుంచో ఒక పేరుంది... డింకీ. కనుమ నాడు కత్తి విప్పి బరిలోకి దింపితే పండగకు ఏ లోటూ రాదు. తగ్గేది చేతులు మారే నోట్ల కట్టలే. వచ్చే సంక్రాంతికి ఒక్క ఊరు ఆ మాట మీద నిలబడినా, ఆ సాయంత్రం బరి దగ్గరకు వెళ్లినవాళ్లంతా క్షేమంగా ఇంటికి చేరతారు. పుంజులతో సహా!